అవతారం చాలించిన ఆట: 'హాబిటాట్' పునరుద్ధరణ, కోర్సు వెబ్‌సైటు – పాఠపరిష్కరణ దృష్టి

వ్యాస సంగ్రహం

మూతపడిన ఆన్‌లైన్ ఆటకు ప్రోగ్రాము దొరికినంత మాత్రాన ఆట దొరికినట్టు కాదు. 1986లో అమెరికాలో ప్రయోగాత్మకంగా మొదలైన 'హాబిటాట్' అనే ఆన్‌లైన్ లోకం, మూడు దశాబ్దాల తర్వాత ఒక మ్యూజియం చొరవతో 'నియోహాబిటాట్' పేరున మళ్ళీ నడిచింది. ఈ పునరుద్ధరణను కేవలం సాంకేతిక విజయంగా కాక ఒక పరిష్కృత ప్రతిగా చదవాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ప్రాచీన కావ్యాల పరిష్కరణలో తెలుగు పండితులు ఏర్పరచుకున్న ప్రమాణాలు ఇక్కడ ఏ మేరకు పనికివస్తాయో, ఎక్కడ చాలవో పరిశీలిస్తుంది. ఇలాంటి ఆటను తరగతిలో బోధించడానికి ఏర్పాటు చేసే కోర్సు వెబ్‌సైటు ఆ పరిష్కరణలో ఒక భాగమే తప్ప బయటి అనుబంధం కాదని వాదిస్తుంది.

కీలక పదాలు: హాబిటాట్, నియోహాబిటాట్, పాఠపరిష్కరణ, గ్రంథపాతం, శేషపూరణ, పీఠిక, కోర్సు వెబ్‌సైటు, డిజిటల్ పరిరక్షణ

1. ప్రవేశిక

తెలుగువారికి 'అవతారం ఎత్తడం' అన్నా 'అవతారం చాలించడం' అన్నా వివరణ అక్కర్లేదు. దిగిరావడం, వచ్చిన పని ముగించుకొని వెళ్ళిపోవడం రెండూ ఆ మాటలోనే ఉన్నాయి. కంప్యూటరు తెర మీద ఆటగాడికి బదులుగా తిరిగే బొమ్మకు ఈ సంస్కృత పదాన్ని వాడుకలోకి తెచ్చిన తొలి ఆటల్లో హాబిటాట్ ముఖ్యమైనది. లూకాస్‌ఫిల్మ్ గేమ్స్ సంస్థలో చిప్ మార్నింగ్‌స్టార్, ర్యాండీ ఫార్మర్ ప్రధానంగా రూపొందించిన ఈ లోకంలో ఆటగాడు ఇంట్లో కుర్చీలో ఉంటాడు, అతని అవతారం తెర మీది వీధిలో దిగి నడుస్తుంది. పైనున్నవాడు కిందికి దిగడం అనే అర్థం వరకు పోలిక చక్కగా కుదిరింది. పురాణాల్లో దేవుడు నిమిషానికి ఇంత అని రుసుము కట్టి దిగిరాడన్నది వేరే మాట. హాబిటాట్ ఆటగాడు మాత్రం అలాగే దిగేవాడు. ఈ రుసుము సంగతి పైకి చిన్నదిగా కనిపించినా, తర్వాత మళ్ళీ దాని దగ్గరికి రావలసి ఉంటుంది.

హాబిటాట్ క్వాంటమ్ లింక్ అనే చందాదారుల సేవ మీద నడిచింది. ఆ సేవను నడిపిన సంస్థే తరువాతి కాలంలో అమెరికా ఆన్‌లైన్‌గా పేరుపొందింది. ప్రయోగదశ ముగిశాక 1988లో ఆ లోకం కుదించిన రూపంలో 'క్లబ్ కరీబ్'గా జనంలోకి వచ్చింది. 1990లో జపాన్‌లో ఫుజిత్సు సంస్థ దాన్ని తన కంప్యూటర్ల మీద ప్రారంభించింది. క్వాంటమ్ లింక్ 1994లో మూతపడటంతో అమెరికా వైపు కథ ముగిసింది. అయితే హాబిటాట్ కీర్తికి ఆట కంటే ఒక వ్యాసం ఎక్కువ కారణం. మార్నింగ్‌స్టార్, ఫార్మర్ 1990లో ఆస్టిన్‌లో జరిగిన సైబర్‌స్పేస్ సదస్సులో తమ అనుభవాలను ఒక పత్రంగా సమర్పించారు. అది మరుసటి ఏడాది పుస్తకంలో అచ్చయి, ఆన్‌లైన్ సమాజాల గురించి చదివే ప్రతి తరగతిలోనూ పఠనీయ పాఠంగా నిలిచింది. ఆట ఆడనివారు కూడా ఆట గురించి మూడు దశాబ్దాలు మాట్లాడుకున్నారు. లక్ష్యం కనుమరుగై లక్షణగ్రంథం ఒక్కటే మిగిలిన స్థితి తెలుగు సాహిత్య చరిత్రకు కొత్త కాదు. లక్షణగ్రంథాల్లో ఉదాహరణలుగా రెండు మూడు పద్యాలు మాత్రమే దొరికే కావ్యాలు మనకు అనేకం.

2. రెండు చోట్ల ఉన్న ప్రతి

హాబిటాట్ నిర్మాణం అర్థమైతేనే పునరుద్ధరణలోని చిక్కు అర్థమవుతుంది. ఆటగాడి ఇంట్లో కమోడోర్ 64 కంప్యూటరు, 64 కిలోబైట్ల మెమరీ, ఒక ఫ్లాపీ, టెలిఫోను తీగకు తగిలించిన మోడెం ఉండేవి. ఆనాటి మోడెం వేగంతో బొమ్మలను తీగ మీద పంపడం సాధ్యం కాదు. అందుకని రూపకర్తలు పనిని రెండుగా విడదీశారు. చెట్టు, తలుపు, తుపాకి, తల మొదలైనవాటి బొమ్మలు ఫ్లాపీలో ఉంటాయి. ఏ తలుపు తెరిచి ఉంది, ఏ తుపాకి ఎవరి చేతిలో ఉంది, ఎవరి జేబులో ఎన్ని టోకెన్లు ఉన్నాయి అనే సమాచారం సంస్థవారి పెద్ద కంప్యూటరులో ఉంటుంది. తీగ మీద నడిచేవి కొద్దిపాటి సంకేతాలు మాత్రమే. ఒక్కమాటలో చెప్పాలంటే లోకపు రూపం ఇంటింటా ఉంది, లోకపు స్థితి ఒకేచోట ఉంది.

దీని ఫలితం పరిరక్షణలో కనిపిస్తుంది. ఇంటింటా ఉన్నది మిగిలింది. తాళపత్ర ప్రతులు అటకల మీద మిగిలినట్టే ఫ్లాపీలు అభిమానుల పెట్టెల్లో మిగిలాయి. ఒకటి చెడితే మరొకటి ఉంది. సి.పి. బ్రౌన్ ఒకే కావ్యానికి దొరికినన్ని ప్రతులు తెప్పించి, పండితులచేత పాఠాలు సరిపోల్పించి శుద్ధప్రతులు రాయించగలిగాడంటే అందుకు కారణం ఆ కావ్యం అనేక ఇళ్ళలో ఉండడమే. ఒకేచోట ఉన్న భాగానికి ఆ భాగ్యం లేదు. స్ట్రేటస్ కంపెనీ యంత్రం మీద, పీఎల్/1 అనే భాషలో రాసిన ఆ భాగం, సేవ ఆగిననాడే మూగబోయింది. దాని మూల ప్రోగ్రాము దొరికినా, దాన్ని నడిపే యంత్రమూ చుట్టూ ఉండే వ్యవస్థా లేవు. పాఠపరిష్కర్తలు 'ఇచట గ్రంథపాతము' అని రాసే చోటు ఇదే.

ఆన్‌లైన్ ఆటలన్నిటికీ ఈ విభజన ఏదో ఒక రూపంలో ఉంది. కొనుక్కున్నవారి చేతికి సగమే వస్తుంది. రెండో సగం యజమాని దగ్గర ఉండి, యజమాని చాలించుకున్నప్పుడు పోతుంది. 2024 మార్చి ఆఖరున ఉబిసాఫ్ట్ సంస్థ 'ది క్రూ' అనే కార్ల పందేల ఆట సర్వర్లను ఆపివేసినప్పుడు, డబ్బిచ్చి కొన్నవారు కూడా ఆడలేకపోయారు. ఆ తరువాత మొదలైన 'స్టాప్ కిల్లింగ్ గేమ్స్' ఉద్యమం అడిగింది కూడా ఈ రెండో సగం గురించే. హాబిటాట్‌కు జరిగింది అప్పుడు ఎవరికీ అన్యాయంగా తోచలేదు. సేవ ఆగింది, చందా ఆగింది, అంతే అనుకున్నారు.

3. శేషపూరణ ఎవరిది?

కాలిఫోర్నియాలోని ఓక్లాండ్‌లో ఉన్న 'మ్యూజియం ఆఫ్ ఆర్ట్ అండ్ డిజిటల్ ఎంటర్‌టైన్‌మెంట్' హాబిటాట్‌ను తిరిగి నడిపించే పనికి పూనుకొంది. ఈ మ్యూజియంలో ఆటలను అద్దాల పెట్టెలో పెట్టరు, సందర్శకులచేత ఆడిస్తారు. 2016లో హాబిటాట్ మూల ప్రోగ్రామును ఎంఐటీ లైసెన్సుతో గిట్‌హబ్‌లో బహిరంగపరిచారు. అప్పటి నుంచి ఫార్మర్ నాయకత్వంలో ఔత్సాహికులు చేరి నియోహాబిటాట్‌ను నిర్మించారు. ఇంటి వైపున్న పాత కమోడోర్ ప్రోగ్రామును ఎమ్యులేటరులో యథాతథంగా నడిపిస్తారు. క్వాంటమ్ లింక్ సేవను అనుకరిస్తూ అభిమానులు అంతకుముందే కట్టిన 'క్వాంటమ్‌లింక్ రీలోడెడ్' మధ్యవర్తిగా నిలుస్తుంది. కేంద్రంలో ఉండవలసిన లోకాన్ని మాత్రం జావా భాషలో, మార్నింగ్‌స్టార్ రూపొందించిన ఎల్కో అనే సర్వరు వ్యవస్థ మీద కొత్తగా రాశారు.

అంటే ఇందులో సగం మూలం, సగం పూరణ. నన్నయ వదిలిన అరణ్యపర్వ శేషాన్ని ఎర్రన పూరించిన సందర్భం పరిశోధకులకు వెంటనే స్ఫురిస్తుంది. ఎర్రన నన్నయ శైలిలో ఎత్తుకొని, క్రమంగా తన శైలిలోకి వచ్చి, రాజరాజనరేంద్రుడికే అంకితంగా పర్వాన్ని ముగించాడు. అయినా నన్నయ ఎక్కడ ఆగాడో, ఎర్రన ఎక్కడ మొదలుపెట్టాడో తెలుగు పాఠకుడికి తెలుసు. ఆ సరిహద్దు తెలియడం వల్లనే దాదాపు ఏడు వందల ఏళ్ళ చరిత్రలో ఆ పూరణ మోసంగా కాక ప్రతిభగా నిలిచింది. నియోహాబిటాట్‌లోనూ సరిహద్దు ఉంది. అయితే తెర ముందు కూర్చున్నవాడికి అది కనబడదు. తలుపు బొమ్మ 1986 నాటిది. తట్టగానే ఆ తలుపు తెరుచుకోవాలా వద్దా అని నిర్ణయించే వాక్యం మూడు దశాబ్దాల తర్వాతిది. రెండూ తెర మీద ఒకే తలుపుగా కనిపిస్తాయి.

ఎర్రనతో పోలిక పూర్తిగా కుదరని చోటు కూడా ఉంది. ఇక్కడ శేషాన్ని పూరించినది అన్యుడు కాదు. మూల రచయితల్లో ఒకడు పూరణకు నాయకుడు, మరొకడు పూరణకు ఆధారమైన వ్యవస్థను కట్టినవాడు. దీనికి దగ్గరి పోలిక 'కన్యాశుల్కం'. 1897 నాటి మొదటి కూర్పును గురజాడ తానే తిరగరాసి 1909లో రెండవ కూర్పు వెలువరించాడు. రచయిత స్వయంగా చేశాడు కనుక రెండవదే ప్రమాణం అని సరిపెట్టుకోకుండా, విమర్శకులు రెండు కూర్పులనూ పక్కపక్కన పెట్టి చదువుతూనే ఉన్నారు. మొదటి కూర్పు చేతిలో ఉన్నందువల్ల అది సాధ్యమైంది. హాబిటాట్‌కు నడిచే మొదటి కూర్పు లేదు. రెండవ కూర్పే మొదటిదానికి సాక్ష్యం చెప్పవలసి వస్తోంది. సాక్షి, కర్త, పరిష్కర్త ఒక్కరే అయిన ఈ పరిస్థితిని నియోహాబిటాట్‌ను మెచ్చుకున్నవారెవరూ గట్టిగా ప్రశ్నించినట్టు కనిపించదు. పునరుద్ధర్తల నిజాయితీ గురించి ఇక్కడ సందేహం లేదు. మార్పు మార్పునూ గిట్‌హబ్‌లో తేదీతో సహా దాచడమంటే పాఠాంతర పట్టికను ఎప్పటికప్పుడు ప్రకటించడమే. మన ముద్రిత కావ్యాల్లో చాలావాటికి ఆ మాత్రం నిజాయితీ లేదు. అయితే ఆ పట్టిక ప్రోగ్రామరు భాషలో ఉంది. ఆటను సమాజశాస్త్ర పాఠంగానో కథనశాస్త్ర పాఠంగానో చదవవచ్చే విద్యార్థికి అది చదవరాని లిపి.

4. తప్పును దిద్దాలా?

హాబిటాట్ గురించి ఎక్కువమంది గుర్తుంచుకున్న ఘట్టం ఒక ధరల పొరపాటు. ప్రతి అవతారానికి ప్రారంభంలో 2,000 టోకెన్లు ఇచ్చేవారు. రోజూ లోపలికి వచ్చినందుకు మరో 100 జమయ్యేవి. వస్తువులు అమ్మే యంత్రాలు, కొనే యంత్రాలు ఊరంతా ఉండేవి. ఒక యంత్రం బొమ్మను 75 టోకెన్లకు అమ్ముతుంటే, ఊరికి ఆ చివర మరో యంత్రం అదే బొమ్మను 100కు కొంటోందని కొందరు కనిపెట్టారు. స్ఫటిక గోళాన్ని 18,000కు అమ్మే యంత్రం ఒకటి, 30,000కు కొనే యంత్రం ఒకటి కూడా బయటపడ్డాయి. ఆ ఆటగాళ్ళు ముందు బొమ్మలతో మూలధనం కూడబెట్టి, ఆపై గోళాల వ్యాపారంలోకి దిగారు. తెల్లవారేసరికి లోకంలోని మొత్తం ధనం ఐదింతలైంది. నిర్వాహకులు నివ్వెరపోయారు. అడిగితే ఆ కొత్త ధనవంతులు తాము న్యాయంగానే సంపాదించామన్నారు తప్ప ఎలా సంపాదించారో చెప్పలేదు. తరువాత ఆ సొమ్ములో కొంత వాళ్ళే ఊరివారికి నిధి వేటలు పెట్టడానికి ఖర్చుపెట్టారు.

పరిష్కర్త ముందు ఇప్పుడు ఒక స్పష్టమైన ప్రశ్న ఉంది. కొత్తగా రాసే లోకంలో ఈ పొరపాటును ఉంచాలా, దిద్దాలా? లేఖక దోషాన్ని దిద్దడం పరిష్కర్త ధర్మం. అయితే దోషమే కథగా మారిన తరువాత దాన్ని దిద్దితే కథ పోతుంది. పైగా ఇది లేఖక దోషమో రచయిత పాఠమో తేల్చడమూ కష్టం. ధరలు నిర్ణయించింది రచయితలే. ఆ ధరల పర్యవసానం మాత్రం వారు ఊహించలేదు. పాఠపరిష్కరణ శాస్త్రంలో 'కర్త ఉద్దేశం' అనే మాటకున్న బరువు ఇక్కడ నిలవదు. ఎందుకంటే హాబిటాట్‌లో స్మరణీయమైనదంతా కర్త ఉద్దేశానికి ఎదురుతిరిగి పుట్టినదే. వారాల తరబడి శ్రమించి రూపొందించిన ఒక ద్వీపపు నిధి వేటను ఒక ఆటగాడు ఎనిమిది గంటల్లోనే ఛేదించాడు. మిగతావారిలో చాలామంది వేట మొదలైన సంగతి గ్రహించేలోపే అది ముగిసింది. లోకాన్ని ముందే పూర్తిగా ప్రణాళిక వేసి నడపలేమని రూపకర్తలు తమ పత్రంలో ఒప్పుకున్నది ఇలాంటి అనుభవాల తరువాతే. యంత్ర పరిజ్ఞానం కంటే లోపలి మనుషుల పరస్పర వ్యవహారమే ఆ లోకాన్ని నిర్వచిస్తుందని వారు చేరుకున్న నిర్ధారణ.

వారి నిర్ధారణను ఒప్పుకుంటే పునరుద్ధరణ మీద ఒక కఠినమైన తీర్పు తప్పదు. ఆ లోకాన్ని నిర్వచించినది మనుషుల వ్యవహారమే అయినప్పుడు, యంత్రాన్ని తిరిగి నడిపినవారు లోకాన్ని తిరిగి నడిపినట్టు ఎలా అవుతుంది?

5. సంత లేని మైదానం

హాబిటాట్‌లో ఒక గ్రీకు ఆర్థడాక్స్ మతాచార్యుడు ఆటగాడిగా చేరి, ఆయుధం పట్టరాదని నియమం గల ఒక మఠాన్ని స్థాపించాడు. దోపిడులు, హత్యలు పెరిగినప్పుడు ఊరివారు చర్చలు పెట్టుకొని ఒక షెరీఫును ఎన్నుకున్నారు. హత్య అంటే ఆ లోకంలో ప్రాణం పోవడం కాదు. చేతిలోదీ జేబులోదీ పోగొట్టుకొని ఇంటి దగ్గర తిరిగి లేవడం. ఒక ఆటగాడు వారవారం ఎన్నో గంటలు వెచ్చించి 'ది రాంట్' అనే పత్రిక నడిపాడు. ఇవేవీ ప్రోగ్రాములో లేవు. తోలు, కర్ర, గుడ్డ ఉన్నంతమాత్రాన తోలుబొమ్మలాట లేనట్టే, ప్రోగ్రాము ఉన్నంతమాత్రాన ఇవి తిరిగి రావు. బొమ్మల వెనుక రాత్రంతా నిలబడే కుటుంబమూ, తెల్లవారేదాకా కూర్చునే ఊరూ కావాలి.

దీన్ని 'సిటీ ఆఫ్ హీరోస్' అనే మరో ఆటతో పోల్చి చూడవచ్చు. 2004లో మొదలైన ఆ ఆటను ఎన్‌సీసాఫ్ట్ సంస్థ 2012 నవంబరు 30న మూసివేసింది. ఆడినవారు చెదిరిపోలేదు. ఏడేళ్ళ తరువాత, 2019లో, ఆ ఆట సర్వరు రహస్యంగా నడుస్తోందని బయటపడి, ప్రోగ్రాము బహిరంగమైనప్పుడు పాత జనమే తిరిగి వచ్చి చేరారు. 2024 జనవరిలో 'హోమ్‌కమింగ్' అనే అభిమానుల బృందానికి యజమాని అధికారికంగా అనుమతి కూడా ఇచ్చాడు. అక్కడ జనం ఉండి ప్రోగ్రాము కోసం ఎదురుచూశారు. హాబిటాట్‌లో ప్రోగ్రాము వచ్చి జనం కోసం ఎదురుచూస్తోంది. మొదటిదాన్ని పునరుద్ధరణ అనవచ్చు. రెండవదానికి ఆ మాట చాలా పెద్దది, 'పరిష్కృత ప్రతి' అంటే సరిపోతుంది.

విద్యార్థి ఒంటరిగా నియోహాబిటాట్‌లోకి అడుగుపెడితే చూసేది ఖాళీ వీధులు. సంత జరిగే మైదానానికి సంత లేని రోజున వెళ్ళి చూసినట్టుంటుంది. గుంజలున్నాయి, చెట్టు నీడ ఉంది, బేరం లేదు. ఆ దృశ్యం చూసి 'హాబిటాట్ అంటే ఇదా' అని విద్యార్థి పెదవి విరిస్తే తప్పు అతనిది కాదు. తరగతి గదిలో ఈ ఆటను చూపించి, తరువాత ఆ ప్రసిద్ధ పత్రాన్ని చదివించే ఉపాధ్యాయుడు తెలియకుండానే ఒక అబద్ధం చెబుతున్నాడు. పత్రంలోని ఊరూ తెర మీది ఊరూ ఒకటేనన్నది ఆ అబద్ధం.

6. వెబ్‌సైటు: పీఠిక, చాటింపు

ఆన్‌లైన్ లోకాలను విద్యతో ముడిపెట్టడం కొత్త కాదు. 1978లో ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా మొదలుపెట్టగా రిచర్డ్ బార్టిల్ కొనసాగించిన 'మడ్' పుట్టిందే విద్యాలయ ప్రాంగణంలో. 1993లో ఎం.ఐ.టి.లో ఏమీ బ్రక్‌మన్ మాధ్యమ పరిశోధకుల కోసం 'మీడియామూ'ను, 1995లో టెక్సస్‌లో సింథియా హేన్స్, యాన్ రూనె హోల్మెవిక్ రచనాబోధన కోసం 'లింగ్వామూ'ను నడిపారు. అక్కడ ఆట స్థలమే తరగతి గది. హాబిటాట్ వంటి పాత ఆటను పాఠ్యాంశంగా తీసుకునే నేటి కోర్సులో ఆ రెండూ వేరు. ఆట ఒకచోట, పాఠప్రణాళిక, పఠనీయాలు, గడువు తేదీలు గల వెబ్‌సైటు మరోచోట. సాధారణంగా ఆ వెబ్‌సైటును నోటీసు బోర్డుకు మించి ఎవరూ పట్టించుకోరు. ఈ వ్యాసం అభ్యంతరం ఇక్కడే.

పరిష్కృత ప్రతికి పీఠిక లేకపోతే అది పరిష్కృతం కాదు. ఏ ప్రతులు చూశారు, ఏది ఆధారంగా తీసుకున్నారు, ఎక్కడ గ్రంథపాతం, ఎక్కడ ఊహించి పూరించారు అని చెప్పేది పీఠికే. ఆట లోపల ఈ మాటలు రాయడానికి చోటు లేదు. రాస్తే 1986 తెర 1986 తెరగా ఉండదు. కాబట్టి ఆ పని చేయగలిగింది వెబ్‌సైటు ఒక్కటే. గిట్‌హబ్‌లోని మార్పుల చరిత్రను ఆ కోర్సు విద్యార్థులకు అర్థమయ్యే భాషలో అక్కడ చెప్పాలి. ఇంటి వైపు ప్రోగ్రాము పాతది, కేంద్రం కొత్తది. ధరల యంత్రాల విషయంలో తీసుకున్న నిర్ణయం ఇది, అందుకు కారణం ఇది. ఆనాడు రుసుము నిమిషాల లెక్కన ఉండేది, ఈనాడు లేదు. చివరిది అల్పమైన తేడాగా కనిపించవచ్చు. నిమిషానికి డబ్బు కట్టే మనిషి వీధిలో ఊరికే నిలబడి కబుర్లాడుతున్నాడంటే ఆ కబురు అతనికి అంత విలువైనదన్నమాట. ఉచితంగా వచ్చి నిలబడిన విద్యార్థి మౌనానికీ, రుసుము కట్టి నిలబడినవాడి మౌనానికీ ఒకే అర్థం చెప్పడం కుదరదు. ప్రోగ్రాములో ఎక్కడా కనిపించని ఈ పాఠాంతరం ఆట అర్థాన్ని బొమ్మలన్నిటి కంటే ఎక్కువగా మారుస్తుంది.

రెండవ పని చాటింపు. మైదానం ఎప్పుడూ ఉంటుంది, సంత మాత్రం వారానికొక రోజే. ఫలానా రోజు ఫలానా గంటకు అందరూ లోపలికి రావాలని వెబ్‌సైటు చాటి చెబితే ఆ గంటసేపు ఊరికి జనం వస్తారు. పాతికమంది ఉన్న తరగతి ఆనాటి ఊరు కాదు. వారు మార్కుల కోసం వచ్చినవారు, తుపాకి దొంగిలిస్తే ఉపాధ్యాయుడు ఏమనుకుంటాడోనని వెనుకాడేవారు. అయినా ఖాళీ వీధి కంటే అది నయం. మఠమో షెరీఫో పుట్టకపోవచ్చు. ఎందుకు పుట్టలేదన్న చర్చకు మాత్రం అప్పుడే చోటు దొరుకుతుంది. ఆ గంటను ముందే నిర్ణయించేదీ, ఆ గంటలో జరిగినదాన్ని తరువాత నమోదు చేసేదీ వెబ్‌సైటే కనుక అది పునరుద్ధరణకు బయట లేదు. 1986లో క్వాంటమ్ లింక్ తన చందాదారులను పోగుచేసినట్టే ఈనాడు వెబ్‌సైటు విద్యార్థులను పోగుచేస్తుంది.

ఇంత బరువు మోయవలసిన వెబ్‌సైటు ఆట కంటే ముందే పోతే? ఈ ప్రమాదం ఊహ కాదు. కళాశాలల్లో కోర్సు పేజీలు ఎక్కువగా మూడ్‌ల్ వంటి వ్యవస్థల్లో, పాస్‌వర్డు వెనుక ఉంటాయి. సెమిస్టరు ముగియగానే తలుపు మూసుకుంటుంది. అధ్యాపకుడు బదిలీ అయితే తాళం కూడా పోతుంది. తెలుగువారికి మరో చేదు అనుభవం ఉంది. యూనికోడ్ స్థిరపడకముందు ఎవరి ఫాంటుతో వారు కట్టుకున్న తెలుగు పేజీలు ఆ ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే అర్థంలేని గుర్తుల వరసగా కనిపిస్తాయి. అక్షరాలన్నీ అక్కడే ఉన్నాయి, చదివించే సాధనమే లేదు. స్ట్రేటస్ యంత్రం లేని పీఎల్/1 ప్రోగ్రాము స్థితికీ దీనికీ తేడా లేదు. 2020 డిసెంబరు 31తో ఫ్లాష్‌కు ఆసరా ఆగిపోయినప్పుడు దాని మీద ఆధారపడిన బోధన సామగ్రి కూడా ఇదే దారి పట్టింది. 'రఫుల్' వంటి ఎమ్యులేటర్లు వచ్చి కొంత కాపాడాయి. కాబట్టి ఆట పరిరక్షణ గురించి బోధించే వెబ్‌సైటు సాదా పేజీలుగా, యూనికోడ్ తెలుగులో, పాస్‌వర్డు లేకుండా, సర్వరు మీద ఏ ప్రత్యేక ప్రోగ్రామూ నడవవలసిన అవసరం లేకుండా ఉండాలి. పేజీలన్నీ ఒకే సంచిలో కట్టి మరో కంప్యూటరులో విప్పితే తెరుచుకోవాలి. ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో ప్రతి సెమిస్టరు చివర ఒక నకలు ఉంచడం కష్టమైన పని కాదు. హాబిటాట్‌లో మిగిలినది ఇంటింటా ఉన్న సగమే. వెబ్‌సైటును కూడా ఇంటింటా ఉంచగలిగినట్టు కట్టాలి.

7. హక్కులు, సంభాషణలు

అమెరికాలో ఇదే మ్యూజియం చేసిన అభ్యర్థన ఫలితంగా, 2018లో కాపీరైటు నియమాల మినహాయింపుల పునఃపరిశీలనలో, సర్వరు అవసరమైన ఆటలను గ్రంథాలయాలు, ఆర్కైవులు, మ్యూజియాలు పరిరక్షించడానికి పరిమితమైన అనుమతి లభించింది. సర్వరు ప్రోగ్రాము న్యాయబద్ధంగా చేతిలో ఉండాలి, ఆటను ఆ సంస్థ ఆవరణలోనే చూపాలి అనేవి అందులోని షరతులు. దూరం నుంచి ఆడనివ్వాలన్న అభ్యర్థనను 2024లో తిరస్కరించారు. నియోహాబిటాట్‌కు ఈ చిక్కు లేకపోవడానికి కారణం దాని మూలం బహిరంగ లైసెన్సుతో వెలువడటం. మిగతా ఆటల్లో చాలావాటికి ఆ అవకాశం లేదు.

భారతదేశంలో ఇలాంటి కోర్సు నడపదలచిన అధ్యాపకుడు ఆశ్రయించగల నిబంధనలు తక్కువ. 1957 కాపీరైటు చట్టానికి 2012లో చేసిన సవరణతో, వాణిజ్యేతర ప్రజా గ్రంథాలయం పరిరక్షణ కోసం ఒక రచనను ఎలక్ట్రానిక్ రూపంలో భద్రపరచుకోవచ్చు. అయితే ఆ రచన డిజిటల్ కాని ప్రతి ఆ గ్రంథాలయంలో అప్పటికే ఉండాలి. తాళపత్రానికో పాత ముద్రణకో ఇది చక్కగా వర్తిస్తుంది. డిజిటల్ రూపంలోనే పుట్టిన ఆటకు డిజిటల్ కాని ప్రతి ఎక్కడి నుంచి వస్తుంది? చట్టం రాసినవారి మనసులో పుస్తకం ఉంది, ఆట లేదు. బోధన సందర్భంలో ఉపాధ్యాయుడు, విద్యార్థి రచనను పునరుత్పత్తి చేసుకోవడానికి చట్టంలో వేరే మినహాయింపు ఉన్నా, అది సర్వరును సెమిస్టరు తరువాత సెమిస్టరు నడపడానికి చాలుతుందని నిశ్చింతగా అనలేం. కోర్సు ప్రారంభించేముందే విశ్వవిద్యాలయ న్యాయ విభాగంతో మాట్లాడటం మంచిది. బహిరంగ లైసెన్సు గల ఆటను ఎంచుకోవడం ఇంకా మంచిది.

చివరిగా, సంత రోజున విద్యార్థులు ఆడిన మాటల సంగతి. ఆ సంభాషణల నమోదు లేకపోతే పరిశోధనకు ఆధారం లేదు. 1986 నాటి ఊరి గురించి నేటికీ రూపకర్తల కథనం మీదే ఆధారపడవలసి రావడానికి ఇదే కారణం. ఆటగాళ్ళ గొంతు ఆ పత్రంలో రూపకర్తల నోటి ద్వారానే వినబడుతుంది. మళ్ళీ అదే లోపం జరగకూడదంటే నమోదు ఉండాలి. మరోవైపు, అవతారం చాటున ఉన్నానన్న ధైర్యంతో విద్యార్థి అన్న మాటను అతని పేరుతో సహా వెబ్‌సైటులో ఉంచడం నమ్మకద్రోహం. నమోదు జరుగుతుందని ఆట మొదలయ్యే ముందే చెప్పి, రాతపూర్వకంగా సమ్మతి తీసుకొని, సంభాషణలను అవతారాల పేర్లతోనే ఉంచవచ్చు. ఏ అవతారం ఎవరిదో తెలిపే పట్టిక వెబ్‌సైటులో ఉండకూడదు. అది అధ్యాపకుడి దగ్గర కాగితం మీద ఉండి, మార్కులు వేయడం పూర్తయ్యాక చించివేయబడాలి.